సీఎన్‌సీ మీద పిల్లల ఫర్నిచర్ చేస్తానంటున్న మా అల్లుడికి

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన డిజైన్లన్నీ చూశాను. ఏనుగు కుర్చీ బాగుంది, రాకెట్ పుస్తకాల అర బాగుంది, ఆ కారు మంచం మాత్రం ఇప్పట్లో ముట్టుకోకు. పూజ గది తలుపులకి జాలీలు కోసి కోసి విసుగొచ్చింది మామయ్యా, ఇక పిల్లల ఫర్నిచర్ మీద పడతానన్నావు. మంచిదే. 1325 మెషీన్ (నిండు షీటు పట్టే బల్ల ఉండి, కంప్యూటర్ ఫైల్ ప్రకారం చెక్క కోసే సీఎన్‌సీ) ఉంది, దాని మీద చెయ్యి తిరిగింది, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి చేసిన వస్తువు ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడ్డానికి బయటివాళ్ళని వెతుక్కోనక్కర్లేదు. కానీ జాలీకీ కుర్చీకీ తేడా ఉంది. జాలీని తలుపుకి బిగించాక దాని మీద ఎవరూ ఎక్కి గెంతరు, దాన్ని ఎవరూ కొరకరు, వెనక్కి వాల్చి ఊగరు. పిల్లల కుర్చీకి మొదటి రోజే ఇవన్నీ జరుగుతాయి.

అందుకని ఒక్కటే గట్టిగా చెప్తాను, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. ఫైల్ గీయకముందు రెండు కొలతలు తీసుకో, ఒకటి పిల్లవాడిది, రెండోది షీటుది. నువ్వు పంపిన వాటిలో ఈ రెండూ లేవు. నెట్‌లో దొరికిన పెద్దవాళ్ళ కుర్చీ డ్రాయింగ్ ఫైల్‌ని (డీఎక్స్ఎఫ్) ఎనభై శాతానికి తగ్గించినట్టున్నావు, ఒక ముక్కలో ఇంకోటి దూర్చే గాళ్ళు చూస్తేనే తెలుస్తోంది. మొత్తం డ్రాయింగ్ తగ్గిస్తే 18 మి.మీ. గాడి 14.4 అయిపోతుంది, షీటు మందం మాత్రం తగ్గదు కదా. పోనీ గాళ్ళు మళ్ళీ సరిచేసుకున్నా, పిల్లలు పెద్దవాళ్ళని ఎనభై శాతానికి తగ్గించినట్టు ఉండరు. తల పెద్దది, కాళ్ళు పొట్టివి, బరువంతా పైనే. అందుకే వాళ్ళ కుర్చీ అంత తేలిగ్గా తిరగబడుతుంది.

పిల్లవాడి కొలత పెద్ద పనేం కాదు. చెప్పులు లేకుండా పాదాలు నేలకి పూర్తిగా ఆనేట్టు ఏదైనా పీట మీద కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేల దాకా టేపు పెట్టు. సీటు ఎత్తు అంతే ఉండాలి, లేదా ఒక సెంటీమీటర్ తక్కువ. సీటు లోతు తొడ పొడవు కన్నా రెండు వేళ్ళు తక్కువ ఉంటే వీపు ఆనుతుంది, మోకాలి వెనక అంచు ఒరుసుకోదు. అదే కూర్చోవడంలో మోచేయి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూస్తే టేబుల్ ఎత్తు తెలిసిపోతుంది. ఎదురుగా పిల్లాడు లేకపోతే, యూరప్‌లో స్కూలు కుర్చీలకి వాడే ఈఎన్ 1729 అనే ప్రమాణం ఉంది, అందులో వయసుని బట్టి కాకుండా పిల్లల ఎత్తుని బట్టి సైజులుంటాయి. 93 నుంచి 116 సెం.మీ. ఎత్తున్న పిల్లలకి సీటు 26 సెం.మీ., టేబుల్ 46. 108 నుంచి 121 వాళ్ళకి సీటు 31, టేబుల్ 53. 119 నుంచి 142 దాకా సీటు 35, టేబుల్ 59. ఒక సైజూ ఇంకో సైజూ కొంచెం కలిసిపోతాయి, గాభరా పడకు, ఏ సైజులో కాళ్ళు నేలకి ఆనితే ఆ సైజు. ఆర్డర్ ఇచ్చేవాళ్ళు "మా వాడికి అయిదేళ్ళండీ" అంటారు. అయిదేళ్ళ పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో ఎత్తులో ఉంటారు, నువ్వు అడగాల్సింది ఎత్తు.

ఇంకో మాట, మన ఇళ్ళలో పిల్లలు చాలామంది ఇప్పటికీ కిందే కూర్చుని రాసుకుంటారు, కిందే కూర్చుని తింటారు. నీ పదహారు డిజైన్లలో కింద కూర్చుని రాసుకునే డెస్క్ ఒక్కటీ లేదు! బాసింపట్టు వేసుకుంటే మోకాళ్ళు లోపలికి పట్టేంత వెడల్పు, పైపలక మోచేతి ఎత్తుకి, మడిచి మంచం కింద తోసేసే వీలు. ఇది చెయ్యి. రెండు కాళ్ళు, ఒక పలక, మధ్యలో ఒక అడ్డ ముక్క, అంతే, షీటు తక్కువ పడుతుంది, తిరగబడే భయమే లేదు. అక్షరాభ్యాసానికి బహుమతిగా ఇవ్వడానికి ఇంతకన్నా మంచి వస్తువు నాకైతే తోచడం లేదు. వసంత పంచమికి బాసర వెళ్ళే జనాన్ని చూశావుగా, అందులో ప్రతి ఇంట్లోనూ ఒక చిన్న పిల్లో పిల్లాడో ఉన్నట్టే.

ఇక షీటు కొలత. షాపువాడు 18 ఎం.ఎం. అంటే అది పేరు మాత్రమే అనుకో. వెర్నియర్ పెట్టి చూడు, ఒకటి 17.3 ఉంటుంది, ఒకటి 17.8, ఒక్కోసారి అదే షీటు ఈ మూల ఒకలా, ఆ మూల ఒకలా ఉంటుంది. పడకగది వార్డ్‌రోబ్ చేసే మేస్త్రీకి దీంతో పని లేదు, మేకు కొట్టి, సన్‌మైకా అతికించి, బీడింగ్ వేసేస్తాడు. నీకు మాత్రం ఒక ముక్క గాడిలో ఇంకో ముక్క నాలుక కూర్చోవాలి. గాడి అర మిల్లీమీటర్ ఎక్కువైతే కుర్చీ మొదటి వారంలోనే కిర్రుమంటుంది, అర మిల్లీమీటర్ తక్కువైతే సుత్తితో కొట్టి కొట్టి పొరలు చీలుస్తావు. క్యాలిబ్రేటెడ్ ప్లై అని అడుగు, రెండు వైపులా మిల్లులోనే అరగదీసి మందం సమానం చేసి పంపిస్తారు, రేటు కొంచెం ఎక్కువే కానీ నీ పనికి అది తప్పదు. అది తెచ్చుకున్నా సరే, ప్రతి షీటునీ నాలుగు మూలలా, పొడుగు అంచుల మధ్యలోనూ కొలిచి పెన్సిల్‌తో షీటు మీదే రాసి పెట్టుకో.

కొలిచాక కూడా నేరుగా కుర్చీ కోయకు. అదే షీటులో అంచున ఒక బద్ద తీసి, దువ్వెన పళ్ళలా వరసగా గాళ్ళు కోసుకో, 17.2 నుంచి మొదలుపెట్టి 0.1 చొప్పున పెంచుకుంటూ 18.2 దాకా. ప్రతి గాడి పక్కనా దాని అంకె చెక్కించు. అదే షీటు ముక్క ఇంకోటి తీసుకుని వరసగా దూర్చి చూడు. ఒకదాంట్లో దూరదు, దాని పక్కదాంట్లో అరచేత్తో గట్టిగా నొక్కితే దిగుతుంది, ఆ పక్కదాంట్లో వేళ్ళతోనే జారుతుంది, ఆ తర్వాతది వదులు. అరచేత్తో నొక్కితే దిగేది జిగురు లేకుండా విప్పి బిగించే వాటికి. వేళ్ళతో జారేది ఫెవికాల్ పెట్టే వాటికి, జిగురుకి కాస్త చోటు కావాలి, పైగా నీళ్ళ జిగురు తగలగానే చెక్క ఉబ్బుతుంది. పాలిష్ వేశాక బిగించే ముక్కలైతే ఆ పొర మందం కూడా కలుపుకో. రెండు వైపులా 0.8 లామినేట్ అతికిస్తే 1.6 మి.మీ. పెరుగుతుంది, అది మర్చిపోయి గాళ్ళు కోసేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. ఈ దువ్వెన బద్దకి పది నిమిషాలు పట్టదు, షీటు మారినప్పుడల్లా కోసి చూసుకోవాలి. మెషీన్‌లో తిరిగి కోసే బిట్ మార్చినా అంతే, 6 మి.మీ. అని రాసి ఉన్న బిట్ నిజంగా 5.9 కోయొచ్చు.

అందుకే డ్రాయింగ్‌లో మందాన్ని అంకెగా గీయకు. జాలీలకి, దేవుడి బొమ్మలకి నువ్వు వాడే ఆర్ట్‌క్యామ్‌తో ఈ పని కష్టం, ఒక్కో గాడి చేత్తో మార్చుకుంటూ కూర్చోవాలి. ఫ్యూజన్ (ఇదివరకు ఫ్యూజన్ 360 అనేవాళ్ళు) నేర్చుకో. అందులో మందానికి ఒక పేరు పెట్టి, గాళ్ళన్నీ దానికి ముడి పెడితే, 17.6 షీటు వచ్చిన రోజు ఒక్క చోట అంకె మారిస్తే డ్రాయింగ్ మొత్తం మారుతుంది. రెండు వారాలు తల పట్టుకుంటావు, తర్వాత పాత పద్ధతికి రమ్మన్నా రావు.

ఏ ప్లై కొనాలి అన్నావు. ఎంఆర్ గ్రేడ్ (తేమకి మాత్రమే తట్టుకునేది) వద్దు. అందులో యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు, దాన్నుంచి ఘాటు ఎక్కువ కాలం వస్తూ ఉంటుంది, కొత్త ఫర్నిచర్ షాపులోకి వెళ్తే కళ్ళు మండేది అందుకే. మామూలు ఫర్నిచర్‌లో అంచులన్నీ బీడింగ్ కింద దాక్కుంటాయి, సీఎన్‌సీ ఫర్నిచర్‌లో అంచులే కదా అందం, అవన్నీ తెరిచే ఉంటాయి, వాసన అక్కడి నుంచే ఎక్కువ. ఐఎస్ 710 బీడబ్ల్యూపీ (మరిగే నీళ్ళకి కూడా తట్టుకునే రకం) తీసుకో, అందులో ఫినాల్ జిగురు, నీళ్ళకి తట్టుకుంటుంది, ఘాటు తక్కువ. ఇంకా మంచిది ఈ1 లేదా ఈ0 (ఫార్మాల్డిహైడ్ తక్కువ వదిలే గ్రేడ్లు) అని కంపెనీ కాగితం మీద రాసిచ్చేది. షాపువాడు నోటితో చెప్పేది లెక్కలోకి రాదు. కొనేటప్పుడు షీటు అంచుని నాలుగు వైపులా చూడు. లోపలి పొరల మధ్య గ్యాపులుంటే అంచు దగ్గరే తెలుస్తాయి, అరచేత్తో కొట్టి వింటే బోలుగా ఉన్న చోట శబ్దం మారుతుంది. జాలీలో గ్యాపు వస్తే లప్పం పెట్టేస్తావు. కుర్చీ కాలులో గాడి పక్కనే గ్యాపు వస్తే ఆ ముక్క పారేయడమే, ఇందులో మొహమాటం లేదు. బాల్టిక్ బర్చ్ అని వస్తుంది, 18 మి.మీ.లో 13 పొరలు, అంచు సన్నటి గీతల చీరలా ఉంటుంది, చూస్తే ఆశ పుడుతుంది. మొదటి నమూనాలు దాని మీద చేయకు, డబ్బు దండగ. చెయ్యి కుదిరాక, దానికి డబ్బు పెట్టగలిగే కస్టమర్ దొరికాక చూద్దాం.

మందం విషయంలో నీకో దురాశ ఉంది, అన్నీ 18లోనే గీశావు. నిండు 18 షీటు, అంటే ఎనిమిది బై నాలుగు అడుగులది, ముప్పై అయిదు కిలోల దాకా తూగుతుంది, ఆ లెక్కన నీ ఏనుగు కుర్చీ ఎంత బరువొస్తుందో వేసుకో. మూడేళ్ళ పిల్ల దాన్ని లాక్కెళ్ళి తన కాలి మీదే వేసుకుంటుంది. బరువు మోసే కాళ్ళు, సీటు 18. వీపు పలక, అడ్డ ముక్కలు 12 చాలు. కొంచెం బరువు తగ్గితే పిల్లలే తమ కుర్చీ తాము మోసుకెళ్తారు, వీపు పలకలో చెయ్యి పట్టే కంత ఒకటి పెట్టు. 1945లో అమెరికాలో ఈమ్స్ దంపతులు వంచిన ప్లైతో చేసిన పిల్లల కుర్చీకి వీపు మీద గుండె ఆకారంలో కంత ఉండేది. అది పిల్లలకి నచ్చే బొమ్మ, చెయ్యి పెట్టి ఎత్తుకునే పిడి కూడా. నీ ఏనుగుకి చెవి దగ్గర అలాంటిది ఆలోచించు.

కంత అనగానే గుర్తొచ్చింది, ఇది జాగ్రత్తగా చదువు. ఏ సందు ఎంత ఉండాలన్నది అందం విషయం కాదు. 7 నుంచి 12 మి.మీ. మధ్య సందు ఉంటే చిన్న వేలు దూరుతుంది, వెనక్కి రాదు. కంత పెడితే వేలు దూరనంత చిన్నది, లేదా చెయ్యి హాయిగా దూరి వచ్చేంత పెద్దది పెట్టు. ఇక తల. శరీరం దూరి తల దూరని సందు అన్నిటికన్నా ప్రమాదం, కాళ్ళ వైపు నుంచి జారి మెడ దగ్గర ఇరుక్కుంటారు. అమెరికాలో ఆట స్థలాల్లో పిల్లలు ఎక్కి ఆడే సామాన్లకి 3.5 అంగుళాల కన్నా ఎక్కువ, 9 అంగుళాల కన్నా తక్కువ ఉండే సందు ఉండకూడదని లెక్క పెట్టుకున్నారు. నీ రాకెట్ అరలో కిటికీలు అయిదు అంగుళాలున్నాయి. మార్చు. కారు మంచం వద్దన్నది కూడా ఇందుకే, మంచానికి పరుపుకీ పక్క చెక్కకీ మధ్య సందు, రెయిలింగ్ సందులు, ఎత్తు, ఇవన్నీ పూర్తిగా చదువుకున్నాక చేయాల్సిన పని.

అర అంటే గోడకి బిగించాల్సిందే. 2016లో అమెరికాలో ఐకియా రెండు కోట్ల తొంభై లక్షల డ్రాయర్ బీరువాలని రీకాల్ చేసింది, గోడకి బిగించకపోతే అవి పిల్లల మీద పడి ప్రాణాలు పోయాయి కాబట్టి. పిల్లలకి డ్రాయర్లన్నీ మెట్లే. నువ్వు ఇచ్చే ప్రతి అరతోనూ ఎల్ క్లాంపులు, స్క్రూలు, గోడ ప్లగ్గులు అదే డబ్బాలో పెట్టు, విడిగా కొనుక్కోమనకు, కొనరు. నీ మనిషి ఇంటికెళ్ళి బిగించి వచ్చే ఏర్పాటుంటే ఇంకా మంచిది. కుర్చీ, స్టూలు సంగతి వేరు, అక్కడ కాళ్ళు సీటు కన్నా బయటికి జరగాలి, ముఖ్యంగా వెనక వైపు. చేశాక సీటు అంచు మీద ఒక మూల చెయ్యి ఆనించి గట్టిగా నొక్కు, లేస్తే డిజైన్ మార్చు. తర్వాత నువ్వే ఎక్కి కూర్చో. పిల్లల కుర్చీ కదా పెద్దవాళ్ళు కూర్చోకూడదు అని ఎవరూ అనుకోరు, మీ అత్తయ్య బియ్యం ఏరుకోవడానికి దాని మీదే కూర్చుంటుంది.

ఇప్పుడు నీకిష్టమైన చోటికి వద్దాం, మెషీన్. 6 మి.మీ. గుండ్రటి బిట్ ఎప్పుడూ చదరపు మూల కోయలేదు, లోపలి మూలలో 3 మి.మీ. గుండ్రం మిగులుతుంది. నాలుక మూల చదరంగా ఉంటే దూరదు. అందరూ చేసేది మూలలో ఇంకాస్త లోపలికి పోనిచ్చి చిన్న గుంట తీయడం, డాగ్‌బోన్ అంటారు. పని అయిపోతుంది కానీ సీటు పైకి కనిపించే గాడికి ఆ గుంట పెట్టకు. పెరుగన్నం మెతుకు, బిస్కట్ పొడి, పాయసం చుక్క అందులోనే చేరతాయి, మర్నాడు పొద్దున చీమల బారు. పైకి కనిపించే చోట గాడి మూలలు గుండ్రంగానే వదిలేసి, నాలుక మూలల్నే బయటి నుంచి 3 మి.మీ. గుండ్రంగా అరగదియ్యి, ట్రిమ్మర్‌తో నిమిషం పని. కింద, లోపల దాక్కునే చోట డాగ్‌బోన్ పెట్టుకో. గాడికీ ముక్క అంచుకీ మధ్య కనీసం 25, 30 మి.మీ. చెక్క మిగలాలి, నీ ఏనుగు తొండం దగ్గర 12 మాత్రమే మిగిలింది, అక్కడే విరుగుతుంది, రాసి పెట్టుకో. సన్నటి పొడుగు ముక్కలు గీసేటప్పుడు పై పొర గ్రెయిన్ పొడుగు వైపు ఉండేలా చూసుకో, నెస్టింగ్‌లో (షీటు మీద ముక్కలు సర్దడంలో) చోటు కలిసొస్తుందని అడ్డంగా తిప్పేయకు.

బిట్ కంప్రెషన్ బిట్ కొను. కొన వైపు పైకి లాగుతుంది, పై వైపు కిందికి నొక్కుతుంది, అందుకని రెండు ముఖాలూ చీలకుండా శుభ్రంగా తెగుతాయి. కానీ మొదటి పాస్ (బిట్ ఒకసారి కోసే లోతు) ఆ కొన భాగం కన్నా లోతుగా వెళ్ళాలి, మూడేసి మిల్లీమీటర్లు కోసుకుంటూ పోతే అది మామూలు బిట్‌లాగే పై పొరని చీల్చేస్తుంది, డబ్బులు పోసి కొన్న లాభం ఉండదు. ఇంకోటి, నువ్వు 24,000 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) పెట్టి మెల్లగా నడుపుతావు, నాకు తెలుసు, జాలీకి అలా అలవాటైపోయింది. ప్లైలో జిగురు బిట్‌ని అరగదీస్తుంది, మెల్లగా నడిపితే బిట్ కోయదు, రుద్దుతుంది, వేడెక్కుతుంది, అంచు నల్లబడుతుంది. లెక్క ఇది: ఆర్పీఎం ఇంటూ బిట్‌కున్న పళ్ళు ఇంటూ ఒక్కో పన్ను తీయాల్సిన చెక్క. 18,000, రెండు పళ్ళు, 0.15 మి.మీ. వేసుకుంటే నిమిషానికి 5,400 మి.మీ. నీ మెషీన్ అంత వేగంలో వణికితే స్పీడు తగ్గించు, దాంతో పాటే ఆర్పీఎం కూడా తగ్గించు. వేలికి తగిలేది పొడి కాకుండా చిన్న చిన్న పొట్టులా ఉంటే సరిగ్గా నడుస్తున్నట్టు. మొదట అంచు వెంట 0.3 మి.మీ. వదిలి కోసి, చివర ఒక్క పాస్ పూర్తి లోతులో అంచు చుట్టూ తిప్పితే ఎమెరీ పని సగం తగ్గుతుంది.

పిల్లల ఫర్నిచర్‌లో ముక్కలు చిన్నవి, చివరి పాస్‌లో లేచి ఎగిరిపడతాయి. ట్యాబులు (ముక్కని షీటుకి పట్టి ఉంచే కోయని చిన్న వంతెనలు) పెట్టు, లేదా అడుగున అర మిల్లీమీటర్ పొర వదిలి చివర్లో ట్రిమ్మర్‌తో తీసెయ్. షీటుని మెషీన్ బల్లకి స్క్రూలతో బిగిస్తే ఆ స్క్రూల చోట్లు ఫైల్‌లోనే గీసుకో, కంటి అంచనా వద్దు. దుమ్ము గురించి నీతో వాదించే ఓపిక లేదు, చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ విభాగమే మొదటి గ్రూపులో పెట్టింది. డస్ట్ కలెక్టర్ పెట్టు, మాస్క్ పెట్టు, బుడ్డోడిని మెషీన్ నడిచేటప్పుడు షెడ్డులోకి రానివ్వకు.

కోసిన తర్వాతే అసలు పని, ఇది నువ్వు రేటు వేయడంలో లెక్కపెట్టలేదు. బయటి మూలలన్నీ డిజైన్‌లోనే కనీసం 20 మి.మీ. గుండ్రం, అంచులన్నీ రెండు వైపులా 3 మి.మీ. రౌండ్ బిట్‌తో తిప్పాలి. అంచులోని చిన్న గ్యాపులు అదే షీటు పొట్టు, జిగురు కలిపి నింపాలి. 120, 180, 220 ఎమెరీ వరసగా. తడిబట్టతో ఒకసారి తుడిచి ఆరనిస్తే పీచు పైకి లేస్తుంది, అప్పుడు 220తో మళ్ళీ ఒకసారి. తర్వాత వాటర్ బేస్డ్ పీయూ (పాలియూరిథేన్) పాలిష్ మూడు కోట్లు, అంచులకి ఇంకోటి ఎక్కువ, అంచు చెక్క తాగేస్తుంది. పిల్లలు టేబుల్ అంచుని కొరుకుతారు, కుర్చీ వీపుని నాకుతారు, దీనికి మందు లేదు, కాబట్టి పూసేదే మంచిదై ఉండాలి. రంగు వేస్తే సీసం లేనిదని డబ్బా మీద చూసుకో, మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని 2016 నిబంధనలున్నాయి, మరీ చవకగా విడిగా అమ్మే రంగుల జోలికి పోకు. ఏటికొప్పాక లక్క రంగులు అడిగావు, ఎంత ముచ్చటగా ఉన్నా ఆ లక్క పని లేత్ మీద తిరిగే కర్రకి, ఆ ఒరిపిడి వేడికే కరిగి పడుతుంది, చదునైన ప్లై మీద ఆ నిగ్గు రాదు. ఇంకో జాగ్రత్త, చేతికి అంటకపోతే ఆరిపోయినట్టు కాదు. వాసన పూర్తిగా పోయేదాకా, రెండు మూడు వారాలు, గాలాడే చోట పెట్టి అప్పుడు డెలివరీ ఇవ్వు. వానాకాలంలో ఇంకా ఎక్కువ. కస్టమర్ తొందరపెడతాడు, టెన్షన్ పడకు, ముందే తేదీ అలా చెప్పు.

డెస్క్ మీద అ, ఆలు చెక్కుతానన్నావు కదా. తెలుగు టైపు చేసి నేరుగా మెషీన్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి, అక్షరాలని కర్వులుగా మార్చి అప్పుడు పంపు. ఆరపార కోయాలంటే ఠ, థ, ధ లాంటి వాటిలో లోపలి చుక్కో ముక్కో ఊడి కింద పడుతుంది, చిన్న వంతెన వదలాలి, లేదా ఆరపార మానేసి రెండు మిల్లీమీటర్లు చెక్కడమే మేలు. విడి అక్షరాలు కోసి ఆడుకోవడానికి ఇస్తానన్న ఆలోచన మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టు. మూడేళ్ళ లోపు పిల్లలకి 31.7 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టంలో పట్టేసే ముక్క ఏదైనా గొంతులో అడ్డం పడేదే అని బొమ్మల ప్రమాణాల్లో ఉంది. పైగా అవి బొమ్మల కిందికి వస్తాయి, 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మలకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది, నమోదైన చేతివృత్తుల వాళ్ళకీ అలాంటి జీఐ వస్తువులకీ అందులో మినహాయింపు ఇచ్చారు. సీఎన్‌సీ మీద కోసే నీకు అది వర్తిస్తుందనుకోకు.

రేటు అడుగుకి ఇంతని జాలీలా చెప్పకు. ఒక షీటులో ఎన్ని స్టూళ్ళు వస్తాయో నెస్టింగ్ వేసి చూడు, మిగిలిన తునకల్లో ఇంకేం వస్తుందో చూడు, మెషీన్ టైము వేసుకో, దానికి రెండింతలు ఎమెరీకీ పాలిష్‌కీ వేసుకో, బిట్ అరుగుదల వేసుకో, అప్పుడు లాభం. చవగ్గా వచ్చే ప్లాస్టిక్ కుర్చీతో పోటీ పడలేవు, పడకు కూడా. విప్పి చదునుగా ప్యాక్ చేయగలిగితే ఆర్టీసీ కార్గోలో వేసేయొచ్చు, హైదరాబాద్ అయినా విశాఖ అయినా. మూలలకి అట్ట ముక్కలు మడిచి పెట్టు, బస్సు పైనుంచి దింపేవాళ్ళు మూల మీదే దింపుతారు.

ముందు ఒక్క స్టూలు, ఒక్క కింద డెస్క్. ఈ రెండూ సరిగ్గా కుదిరేదాకా మిగతా ఫైళ్ళు తెరవకు. మీ ఇంట్లో పిల్లలకిచ్చి ఒక నెల ఏం చేస్తారో చూడు, ఎక్కడ వదులైంది, ఎక్కడ పాలిష్ పోయింది, దేన్ని పట్టుకుని ఎక్కుతున్నారు అని. నాకు ఫొటోలు పంపేటప్పుడు ముందు నుంచి తీసినవి వద్దు, అడుగు భాగం, అతుకులు దగ్గరగా తీసి పంపు.

ఇంకోటి మర్చిపోయాను. ప్రతి ముక్క అడుగున, కనిపించని చోట, ఫైల్ పేరు, తేదీ, ఆ షీటు అసలు మందం చిన్న అక్షరాల్లో చెక్కించు. రెండేళ్ళ తర్వాత ఎవరో ఫోన్ చేసి "ఒక కాలు విరిగింది, అదొక్కటీ చేసిస్తారా" అంటే, దాన్ని తిప్పి చదవమను, 17.6 అని చెప్తే నీ దగ్గరున్న షీటుకీ దానికీ ఎంత తేడా ఉందో చూసుకుని కోసి పంపిస్తావు.

మీ మామయ్య